గూట్లో పచ్చదీపం

నేను కూర్చున్న గూడు నాకంటే ముందు టెలిఫోనుది. తెనాలిలో కాలవకు దగ్గరగా సున్నంతో కట్టిన పాత ఇల్లు ఇది. గోడలు అడుగున్నర మందం. వసారా దాటి హాల్లోకి రాగానే కుడిచేతి గోడలో గూడు, అందులో ఇరవై ఏళ్లకు పైగా నల్లటి ఫోను ఉండేదట. దాని రబ్బరు కాళ్లు కూర్చున్న చోట నాలుగు గుండ్రటి మరకలు ఇంకా ఉన్నాయి. ఆ నాలుగింటి మధ్యనే నన్ను పెట్టారు తాతగారు. "ఈ ఇంట్లోకి తీగ వచ్చే దారి ఇదే, ఇక్కడే ఉండనీ" అన్నారు. ఆయన టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, 2000 అక్టోబరులో ఆ శాఖ పని బీఎస్‌ఎన్‌ఎల్ చేతికి వెళ్లాక కూడా స్తంభాలెక్కుతూనే ఉండి, ఉద్యోగం నిండాకే కిందికి దిగిన మనిషి.

ఇంట్లో వాళ్లకు నేను వైఫై డబ్బాని. నెట్ అబ్బాయిలకు ఓఎన్‌టీని. వీధి స్తంభం మీంచి వచ్చిన గాజు తీగ పచ్చటి మూతి ఉన్న చిన్న కనెక్టరుతో నా వీపున గుచ్చుకుని ఉంటుంది. ఆ తీగలో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు, తలవెంట్రుక దాని ముందు మోకు. అందులో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పరుగెత్తి నా దగ్గరికి వస్తుంది. గాజులో మలినాలు తీసేస్తే వెలుగును ఊళ్లు దాటించి పంపవచ్చని 1966లోనే లెక్క కట్టి చూపించినవాడు చార్లెస్ కావో. ఆ పనికి 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన లెక్క లేకపోతే నేను లేను.

నాకు నోరు లేదు. ఐదు దీపాలున్నాయి. పవర్, పాన్, లాస్, ఇంటర్నెట్, వైఫై. పాన్ పచ్చగా నిలకడగా వెలిగితే వీధిలోంచి వెలుగు నాకు సరిగా అందుతోందని. లాస్ ఎర్రబడితే ఆ వెలుగు రావడం లేదని, లేదా వచ్చీ రానట్టుందని. నేను చెప్పగలిగిందంతా ఈ దీపాలతోనే. వచ్చిన మొదటి ఏడాది ఈ ఇంట్లో ఎవరూ వాటి వంక చూసేవారు కాదు. బొమ్మ ఆగితే చాలు, మనవడు వచ్చి స్విచ్చి కట్టేసి మళ్లీ వేసేవాడు. ఒక్కోసారి దానితోనే నయమయ్యేది, నిజమే. గంటల తరబడి పనిచేసి నాలో పేరుకున్న చిక్కులు ఆపి వేస్తే వదిలిపోతాయి. కానీ జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా రోజూ ఒకే మాత్ర వేస్తే ఎలా?

ఈ ఇంట్లో నా వల్ల ఎక్కువ సంతోషపడేదీ, నేను ఆగితే ఎక్కువ వెలితి పడేదీ మామ్మగారే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ గుమ్మం దాటి చాలాకాలమైంది. పడమటి గదిలో మంచం, మంచానికి ఎదురుగా టీవీ. మాయాబజార్ విడుదలైన 1957లోనే పుట్టారట. ఆ సినిమాను నెలకోసారైనా పెట్టించుకుంటారు. ఆవిడ బొమ్మ నా దగ్గరికి ఒకేసారి చుట్ట చుట్టుకుని రాదు. ఎక్కడో ఉన్న యంత్రాల్లో సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను సన్నంగా, మధ్యస్థంగా, లావుగా రకరకాల పరిమాణాల్లో సిద్ధం చేసి ఉంచుతారు. దారి వెడల్పు ఎంతుందో చూసుకుని టీవీయే తనకు పట్టే ముక్కను అడుగుతుంది. దారి ఇరుకైతే బొమ్మ మసకబారుతుంది, ఇంకా ఇరుకైతే మధ్యలో చక్రం తిరుగుతుంది. అసలు దారే లేకపోతే "కనెక్ట్ కాలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి" అని అక్షరాలు పడతాయి. చక్రం తిరగడం వేరు, ఆ అక్షరాలు పడటం వేరు. ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తప్పినట్టే.

మొదట్లో పడమటి గదిలో చక్రమే ఎక్కువ తిరిగేది. కారణం గోడలు. నేను గాల్లో రెండు గొంతులతో మాట్లాడతాను. 5 గిగాహెర్ట్జ్ గొంతు వేగం, కానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. 2.4 గొంతు నెమ్మది, కాస్త దూరం పోతుంది. రెండు సున్నపు గోడలు దాటేసరికి మొదటిది వినపడేది కాదు, రెండోది గొణుగుడయ్యేది. హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్లు చాలు. నా వీపున వంద దిగుతుంటే మామ్మగారి మంచం దగ్గరికి రెండు కూడా చేరేవి కావు. దానికి తోడు రాత్రి ఎనిమిదింటికి కోడలుగారు మైక్రోవేవ్‌లో పాలు వెచ్చబెట్టేవారు. ఆ పొయ్యి కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది. తలుపు సందుల్లోంచి దాని సద్దు కొంచెం బయటికొచ్చినా నా గొణుగుడు అందులో కలిసిపోయేది. పాలు వేడెక్కే రెండు నిమిషాలూ ఘటోత్కచుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. చివరికి మనవడు ఇరవై మీటర్ల లాన్ తీగ కొనుక్కొచ్చి, నా పసుపు రంగు పోర్టులోంచి దూలాల పక్కగా లాగి టీవీకి గుచ్చాడు. గాలితో పని లేకుండా పోయింది. మంచి పని చేశాడు.

వాడే మరోసారి చేసిన పని మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. నా వెనక ఒక సన్నటి బెజ్జం ఉంది. ఒకరోజు ఎంత ఆపి వేసినా బొమ్మ రాకపోయేసరికి వాడు మామ్మగారి దగ్గర పిన్నీసు తీసుకుని, ఆ బెజ్జంలో గుచ్చి పది సెకన్లు నొక్కిపట్టాడు. ఆపి వేయడం నిద్ర. ఇది మతిమరుపు. ఈ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు, అవతలివాళ్లు నన్ను గుర్తుపట్టడానికి ఇచ్చిన ఐడీ, అన్నీ నాలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. పవర్ దీపం వెలుగుతోంది, కానీ నేను ఎవరి ఇంట్లో ఉన్నానో నాకు తెలియదు. మళ్లీ ఎవరో వచ్చి ఆ వివరాలు ఎక్కించేదాకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మామ్మగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అప్పటిదాకా తాతగారు ఈ వ్యవహారంలో తలదూర్చలేదు. ఇది తన కాలం వస్తువు కాదనుకున్నారేమో. ఆ రెండో రోజు సాయంత్రం మాత్రం కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. కళ్లజోడు సవరించుకుని ఐదు దీపాలనూ ఒక్కొక్కటే చదివారు. నన్ను ఒక మనిషి అలా చూడటం అదే మొదలు.

"ఒరే నాన్నా, అందులో ఏమేం రాసి ఉన్నాయో ముందే కాగితం మీద పెట్టుకున్నావా?"

"లేదు తాతయ్యా."

"మరి చెరపడానికి చెయ్యెలా వచ్చింది?"

కోపంగా అన్న మాట కాదు. లేచి బీరువా మీద నుంచి పొడుగు నోటుపుస్తకం ఒకటి దించారు. అడ్డంగా నాలుగు గళ్లు గీశారు. తేదీ, ఫిర్యాదు, ఎక్కడ దొరికింది, ఏం చేశాం. వాడికి చెప్పసాగారు. ఆ రోజుల్లో ఫోను మూగబోతే జనం 198కి ఫిర్యాదు రాయించేవారు. లైన్‌మన్ ముందుగా ఇంటికి పోడు, ఎక్స్ఛేంజీకీ పోడు. మధ్యలో, స్తంభం మీది డీపీ పెట్టె దగ్గర ఆగి తన టెస్ట్ ఫోను తగిలిస్తాడు. టోన్ వచ్చిందా, జబ్బు ఇంటి వైపు. రాలేదా, ఎక్స్ఛేంజీ వైపు. ఆ సగంలో మళ్లీ సగం. "లైను మధ్యలో నిలబడి రెండు వైపులా అడగాలిరా. చివర్లో నిలబడి అరిస్తే ఏం తెలుస్తుంది?" అన్నారు. ఈ ఇంటి లైనుకు మధ్య చోటు నేనే. ఆ మాట విన్నాక నా దీపాలకు ఒక చదువరి దొరికాడని నాకు ధైర్యం వచ్చింది.

పుస్తకంలో మొదటి కేసు వేసవిలో పడింది. మధ్యాహ్నం గాలివాన, సాయంత్రం దాకా కరెంటు లేదు. వచ్చాక టీవీలో ఏ యాప్ నొక్కినా అవే అక్షరాలు, కనెక్ట్ కాలేకపోయాం. మనవడి చెయ్యి నా స్విచ్చి మీదికి వచ్చింది. "ఆగు. నీ ఫోన్లో వస్తోందా?" వస్తోంది. "అయితే వీధి బాగుంది, డబ్బా బాగుంది. జబ్బు డబ్బాకు అవతల." లాన్ తీగను టీవీలోంచి పీకి ల్యాప్‌టాపుకు గుచ్చి చూశారు. అక్కడా వస్తోంది. తీగ కూడా బాగుంది. ఇక మిగిలింది టీవీ ఒక్కటే, కానీ దాని బొమ్మ బాగుంది, మెనూ బాగుంది. తాతా మనవడూ నిలబడిపోయారు. మంచం మీంచి మామ్మగారన్నారు, "ఏవండీ, దీపాలు పెట్టే వేళైతే ఈ టీవీ మూల ఐదున్నర అని చూపిస్తోందేంటి?"

ఆవిడ చెప్పిన ఐదున్నర తెల్లవారుజాము ఐదున్నర. ఆ టీవీ లోపలి గడియారం చాలా కంప్యూటర్ల లాగే 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. గ్రీనిచ్ కాలమానంలో అది అర్ధరాత్రి, మనకు ఉదయం ఐదున్నర. కరెంటు పోయి లెక్క మరిచిపోయేసరికి మళ్లీ ఆ మొదటి తెల్లవారుజాముకే వెళ్లి కూర్చుంది. టైము దానంతటదే సరిచేసుకునే సెట్టింగును ఎప్పుడో ఎవరో ఆపేసి ఉన్నారు. సినిమా పంపే యంత్రాలు ముందుగా తమ గుర్తింపు పత్రం చూపిస్తాయి. దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. 1970లో ఉన్న టీవీకి అది ఇంకా పుట్టని పత్రం. నమ్మలేక తలుపు వేసేసింది. తన ధర్మం ప్రకారం సరైన పనే చేసింది. తేదీ దిద్దగానే శశిరేఖ వచ్చింది. పుస్తకంలో "ఎక్కడ దొరికింది" గడిలో తాతగారు "టీవీ గడియారం" అని రాసి, పక్కనే "పట్టుకున్నది" అని మామ్మగారి పేరు రాశారు.

ఇంకొక కేసు చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో నా దీపాలు కూడా చాలలేదు. లాస్ ఆరే ఉంది, మిగతా నాలుగూ పచ్చగానే ఉన్నాయి. కొడుకు మాట్లాడుతున్న వీడియో కాల్ చక్కగా నడుస్తోంది. కొత్తగా మాత్రం ఏదీ తెరుచుకోవడం లేదు, ఫోన్లోనూ టీవీలోనూ. తాతగారు చాలాసేపు ఆలోచించి, "మాట్లాడుతున్న లైను తెగలేదు, కొత్త నంబరు కలవడం లేదు. ఒరే, దీనికీ 197 లాంటిది ఉంటుందా?" అని అడిగారు. 197 అంటే ఆ రోజుల్లో పేరు చెబితే ఫోను నంబరు వెతికి చెప్పే సేవ. ఆయన అడిగిన తీరుకు నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. ఉంది. దాన్నే డీఎన్‌ఎస్ అంటారు. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపం ఇచ్చిన ఏర్పాటు. మనుషులు పేర్లు చెబుతారు, యంత్రాలకు అంకెల చిరునామాలు కావాలి. మధ్యలో ఆ పేరును అంకెలుగా మార్చి చెప్పేవాళ్లు పలకకపోతే రోడ్డంతా బాగున్నా బండి కదలదు. ఆ పూట మాకు నెట్ ఇచ్చేవాళ్ల 197 పలకడం లేదు. మనవడు నాలో వేరే డైరెక్టరీ చిరునామా, 1.1.1.1, రాశాడు. క్షణంలో అన్నీ తెరుచుకున్నాయి.

ఇక సంక్రాంతి ముందు సంగతి. ఇల్లంతా బూజులు దులిపి సున్నాలు వేశారు. గూడు తుడిచి నన్ను మళ్లీ నా నాలుగు మరకల మధ్య పెట్టారు తాతగారు. కిటికీ పక్క నుంచి నా వీపుకు వచ్చే పసుపు తొడుగు గాజు తీగ రెండు మీటర్లు ఎక్కువై నేల మీద వేలాడుతుంటే, దాన్ని తీసి గోడ మేకుకు శుభ్రంగా చుట్టారు. వరసకు వరస ఆనించి, చివర ముడి బిగించి. రాగి తీగలు చుట్టిన చేతుల పనితనం అది, చూడముచ్చటగా ఉంది. నాకు మాత్రం ఊపిరి సగమైంది.

ఆ రోజు నుంచి నా లాస్ దీపం అప్పుడప్పుడూ ఎర్రగా కొట్టుకోవడం మొదలెట్టింది. రోజుకు నాలుగైదు సార్లు బొమ్మ ఆగడం, అవే అక్షరాలు, ఐదు నిమిషాలకు దానంతటదే రావడం. తాతగారు నా దీపం చూశారు. ఫోన్లో లేదు, టీవీలో లేదు, కాబట్టి జబ్బు వీధి వైపు అన్నారు. పక్కింటికి వెళ్లి అడిగారు. వాళ్లదీ మాదీ ఒకే స్తంభం, వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిట్టరూ ఒకటే. వాళ్లకు బాగుంది. అయితే స్తంభానికీ గూటికీ మధ్య. ఇక కనపడని చోటు లేదనుకుని, స్తంభం దగ్గర మొదలుపెట్టి ప్రహరీ, చూరు, కిటికీ, గోడ, వేలు తీగ వెంట నడిపిస్తూ వచ్చారు. కోతులు కొరికాయేమో చూశారు. మేకు దగ్గరికి వచ్చారు, దాటి నా దగ్గరికి వచ్చారు. మళ్లీ మొదటినుంచి వచ్చారు. తన చేత్తో కట్టిన చుట్ట మీదుగా ఆయన చూపు రెండుసార్లు దాటిపోయింది. నా ఎర్ర దీపం అంతసేపూ కొట్టుకుంటూనే ఉంది. అంతకన్నా స్పష్టంగా నేనేం చెప్పగలను!

ఆ సాయంత్రం మామ్మగారి సినిమా సరిగ్గా ప్రియదర్శిని దగ్గర ఆగింది. తెరిచినవాళ్లకు తమకు బాగా ఇష్టమైనది కనిపించే పెట్టె. శశిరేఖ మూత ఎత్తింది, అభిమన్యుడు రాలేదు, చక్రం వచ్చింది, అక్షరాలు వచ్చాయి.

మర్నాడు నెట్ అబ్బాయి వచ్చాడు. నా వీపున ఉన్న పచ్చమూతి ఊడదీసి పవర్ మీటరుకు గుచ్చాడు. "మైనస్ 29 చూపిస్తోంది బాబాయ్ గారూ. 28 దాటితే డబ్బా పట్టుకోలేదు. ఎక్కడో వెలుగు కారిపోతోంది." జేబులోంచి పెన్నులాంటి ఎర్ర లైటు తీసి తీగ మూతికి తగిలించాడు. "ఒక్కసారి గదిలో లైటు ఆపండి."

చీకటైంది. గోడ మీద, మేకు చుట్టూ, ఎర్రటి ఉంగరాలు వెలిగాయి. పసుపు తొడుగులోంచి, చుట్టు చుట్టుకూ, కుంకుమ అద్దినట్టు. వెలుగు ఆ మలుపుల్లో తిరగలేక గాజులోంచి బయటికి కారుతోంది. కిటికీ రెక్క గాలికి కదిలినప్పుడల్లా తీగ లాగుకుని, చుట్ట ఇంకాస్త బిగిసి, ఎరుపు ఇంకాస్త చిక్కబడుతోంది. నేను రోజుల తరబడి అనుభవిస్తున్నది మొదటిసారి మనుషుల కళ్లకు కనపడింది. తాతగారు దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా చూశారు.

"రాగి తీగకు మడత లెక్కలేదయ్యా. ఎట్లా చుట్టినా కరెంటు తిరిగి వస్తుంది."

"ఇది గాజు బాబాయ్ గారూ. మలుపు తిప్పితే వెలుగు జారిపోద్ది. మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగించకూడదు."

"అంటే చూడటానికి ఎంత?"

అబ్బాయి వేళ్లతో చూపించబోయాడు. లోపలినుంచి మామ్మగారు, "బాబూ, ఇది సరిపోతుందేమో చూడు" అంటూ చేతికున్న మట్టి గాజు ఒకటి తీసి మనవడికిచ్చి పంపారు. టూ సిక్స్ సైజు. లోపలి వ్యాసం 6 సెంటీమీటర్లు, సరిగ్గా చెప్పిన కొలత. అబ్బాయి దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇంతే మామ్మగారూ. దీనికంటే చిన్న చుట్ట వద్దు" అన్నాడు.

తాతగారు ముడి విప్పారు. ఒక్కో చుట్టూ వదులవుతుంటే ఒక్కో ఎర్ర ఉంగరం ఆరిపోయింది. మేకు పీకేసి, గాజు కన్నా చాలా వెడల్పుగా, పళ్లెమంత చుట్టగా తీగను వదులుగా పోగు చేసి, గుడ్డ పేలికతో కట్టి గూటి వారగా వేలాడదీశారు. మీటరు మైనస్ 21 చూపించింది. తీగ నా వీపుకు తగలగానే లాస్ ఆరిపోయింది, పాన్ నాలుగుసార్లు మిణుకుమని పచ్చగా నిలబడింది.

రాత్రి అందరూ అన్నాలు తిన్నాక తాతగారు నోటుపుస్తకం తెచ్చుకుని నా వెలుతురు పడే చోట కూర్చున్నారు. తేదీ వేశారు. ఫిర్యాదు, బొమ్మ ఆగడం. ఎక్కడ దొరికింది, గోడ మేకు. ఏం చేశాం, చుట్ట వదులు చేశాం. గీత కొట్టబోయి ఆగి, గళ్లు దాటి అంచులో "చుట్టింది నేనే" అని రాసి సంతకం పెట్టారు. పడమటి గదిలో మామ్మగారు ఆగిన చోటు నుంచే సినిమా పెట్టించుకున్నారు. శశిరేఖ మూత ఎత్తింది. నా వీపున వెలుగు తొణక్కుండా దిగుతోంది, లాన్ తీగలోకి ఆ ముక్కలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి.

"ఏవండీ, రండి, వచ్చేశాడు అభిమన్యుడు" అని మామ్మగారు పిలిచారు. తాతగారు పుస్తకం నా పక్కన గూట్లో పెట్టి లేచారు.